యాక్టన్ మినిట్‌మెన్ దళం: గురి గురించిన కథలో నిజమెంత?

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఎలా మొదలైందని అడిగితే అక్కడి బడిపిల్లలు కూడా ఒక కథ చెబుతారు. 1775 ఏప్రిల్ 19న మసాచుసెట్స్ పల్లెల్లోని రైతులు నాగళ్ళు వదిలి తుపాకులు అందుకున్నారనీ, చిన్ననాటి నుంచి వేటలో పండిపోయినవారు కావడం వల్ల రాతిగోడల చాటు నుంచి ఒక్కొక్క గుండుకు ఒక్కొక్క ఎర్రకోటు బ్రిటిష్ సిపాయిని పడగొట్టి, ప్రపంచంలోనే పేరుమోసిన సైన్యాన్ని బోస్టన్ దాకా తరిమారనీ ఆ కథ సారాంశం. కాంకర్డ్‌లోని నార్త్ బ్రిడ్జ్ దగ్గర 1875లో ఆవిష్కరించిన డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ కంచు విగ్రహంలో కూడా రైతు ఒక చేయి నాగలి మీద, మరో చేయి తుపాకీ మీద ఉంటాయి. రైతులు వచ్చారన్నది నిజమే, సైన్యం వెనక్కి మళ్ళిందన్నదీ నిజమే. గురి సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం మూడు వేర్వేరు విషయాలు ఒకే ముడిగా బిగిసిపోయాయి. ఆ ముడి విప్పడానికి ఆనాడు ముందువరుసలో నిలిచిన ఒక చిన్న ఊరి దళాన్ని, అంటే యాక్టన్ మినిట్‌మెన్ దళాన్ని, దగ్గరగా చూడటం మంచి మార్గం.

ముందుగా, మినిట్‌మెన్ పుట్టిన మిలీషియా, అంటే పౌర సైన్యం, ఎలాంటిదో తేల్చుకోవాలి. మసాచుసెట్స్ వలసలో అది ఉత్సాహవంతులు పెట్టుకున్న సంఘం కాదు, చట్టం మోపిన బాధ్యత. 17వ శతాబ్దం తొలి సగం నుంచే, 16 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసున్న మగవారు, కొన్ని మినహాయింపులు పోను, తమ ఊరి దళంలో పేరు రాయించుకోవాలి. తుపాకీ ఎవరిది వారే తెచ్చుకోవాలి, కొనలేని పేదలకు మాత్రం ఊరు సమకూర్చాలి. క్రమంగా కవాతుకు రావలసిన వారి జాబితా ఒకటి, వయసు మళ్ళినవారు, మినహాయింపు పొందినవారు ఆపద వేళ మాత్రమే రావలసిన జాబితా మరొకటి ఉండేవి. కవాతు ఏడాదికి కొన్ని రోజులే జరిగేది. ఊరి మైదానంలో వరుసలు కట్టి నడవడం, తుపాకీ ఎత్తడం దించడం అయ్యాక, గురి పందేలతో, రమ్ముతో ఆ రోజు ముగిసేది. ఫ్రెంచివారితో, ఆదివాసీ తెగలతో యుద్ధాలు జరిగిన కాలంలో ఇందులో కొంత పదును ఉండేది. 1763లో ఆ యుద్ధాలు సద్దుమణిగాక చాలా ఊళ్ళలో ఇది జాతరలా మారిపోయింది.

దీనికి మళ్ళీ ప్రాణం పోసింది బ్రిటిష్ ప్రభుత్వమే. 1774 సెప్టెంబరు 1న గవర్నర్ థామస్ గేజ్ పంపిన సైనికులు చార్లెస్‌టౌన్ సమీపంలోని మందు గిడ్డంగిలో నిల్వ ఉన్న తుపాకిమందును బోస్టన్‌కు తరలించారు. పుకార్లు పుట్టి వేలమంది కేంబ్రిడ్జ్ వైపు కదిలారు. ఆ అక్టోబరులోనే వలసలకు ఆయుధాలు, మందు ఎగుమతి చేయరాదని లండన్ ఆజ్ఞ జారీ చేసింది. గవర్నర్‌ను లెక్కచేయకుండా సమావేశమైన వలస ప్రతినిధుల సభ ప్రావిన్షియల్ కాంగ్రెస్ అదే నెలలో, మిలీషియాలో నాలుగో వంతు మందిని విడదీసి, కబురు అందిన మరుక్షణం బయలుదేరగల ప్రత్యేక దళాలుగా కూర్చమని ఊళ్ళకు సూచించింది. వీరే మినిట్‌మెన్. గవర్నర్ ఇచ్చిన అధికార పత్రాలను పక్కన పెట్టి, అధికారులను దళాలే ఎన్నుకోవాలని కూడా చెప్పింది. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది: మిలీషియా అంతా మినిట్‌మెన్ కాదు. ఏప్రిల్ 19 వేకువన లెక్సింగ్టన్ మైదానంలో మొదటి కాల్పులకు గురైన కెప్టెన్ జాన్ పార్కర్ దళం మామూలు ఊరి మిలీషియానే, ఆ ఊరు విడిగా మినిట్‌మెన్ దళాన్ని ఏర్పరచుకోనే లేదు.

యాక్టన్ మాత్రం ఏర్పరచుకుంది. కాంకర్డ్‌కు పడమరగా ఉన్న ఈ ఊరు ఇవాళ బోస్టన్ శివార్లలో స్థిరపడిన తెలుగువారికి తెలిసిన పేరే. అప్పుడు మాత్రం కొన్ని వందల మంది ఉన్న వ్యవసాయ గ్రామం. 1774 నవంబరులో దళం కూర్చి, ఐజాక్ డేవిస్‌ను కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. వయసు ముప్పైకి దగ్గర, వృత్తి తుపాకుల తయారీ. నా దృష్టిలో ఈ దళం చరిత్రను నిర్ణయించిన సంగతి ఈ వృత్తే. అతను తన ఇంటి వెనక గురి అభ్యాసానికి స్థలం చదును చేసి, వారానికి రెండుసార్లు మనుషులను పిలిపించి కాల్పించేవాడు. ఏడాదికి కొన్ని రోజుల కవాతుతో సరిపెట్టుకునే చోట ఇది అసాధారణం. అంతకంటే ముఖ్యంగా, తన కొలిమిలో బాయొనెట్లు, అంటే తుపాకీ కొసన బిగించే కత్తులు, చేసి దాదాపు అందరి తుపాకులకూ అమర్చాడు, తూటాల పెట్టెలు కూడా సమకూర్చాడు. ఎవరి తుపాకీ వారు తెచ్చుకునే పద్ధతిలో ఒక్కొక్క గొట్టం ఒక్కొక్క కొలతలో ఉంటుంది కనుక, బాయొనెట్‌ను ఒక్కొక్క గొట్టానికి విడిగా సరిచేయవలసిందే. పొరుగు ఊళ్ళ దళాలకు లేని ఆ సౌకర్యం యాక్టన్‌కు ఉండటానికి కారణం కెప్టెనే పనివాడు కావడం.

ఇక ఆ తుపాకులు ఏపాటివో చూడాలి. అవి ఎక్కువగా మస్కెట్లు, పిట్టల వేటకు వాడే పొడవాటి తుపాకులు. రెండింటికీ గొట్టం లోపల నునుపే. బ్రిటిష్ సైన్యం వాడిన మస్కెట్ గొట్టం లోపలి వ్యాసం సుమారు 0.75 అంగుళం, అందులో వేసే సీసపు గుండు సుమారు 0.69 అంగుళం. నాలుగైదు సార్లు కాల్చాక గొట్టం నిండా మసి పేరుకున్నా గుండు సులువుగా దిగాలని కావాలనే ఆ ఖాళీ వదిలేవారు. ఫలితంగా గుండు గొట్టంలో అటూ ఇటూ తగులుతూ బయటపడేది. చివరిసారి ఏ పక్క తగిలితే దాన్నిబట్టి దారి మారేది. సైనికుడు కాగితపు తూటాను పళ్ళతో కొరికి, చిటికెడు మందు పక్కనున్న చిన్న పళ్ళెంలో పోసి మూసి, మిగతా మందునూ గుండునూ కాగితంతో సహా గొట్టంలో వేసి కడ్డీతో దట్టించి, అప్పుడు ఎత్తి మీట నొక్కాలి. చకుముకి రాయి ఉక్కును గీరి రాల్చిన రవ్వ పళ్ళెంలోని మందును అంటించాలి, ఆ మంట సన్నని రంధ్రం గుండా లోపలికి పాకాలి. రాయి అరిగినా, మందుకు చెమ్మ తగిలినా పేలదు. పేలినప్పుడు కంటి ముందు మంట, ఆ తరువాత చుట్టూ పొగ. చేయి తిరిగిన సైనికుడు నిమిషానికి మూడుసార్లు కాల్చగలిగేవాడు. 80 గజాలు దాటాక మనిషిని గురిచూసి కొట్టడం అదృష్టం మీద ఆధారపడేది. ఈ యుద్ధంలో బ్రిటిష్ పక్షాన పోరాడిన జార్జ్ హేంగర్ అనే అధికారి తరువాతి కాలంలో, మామూలు మస్కెట్‌తో 200 గజాల దూరంలోని మనిషిని కాల్చడం చంద్రుణ్ణి కాల్చడం లాంటిదేనని తేల్చిచెప్పాడు.

పల్లెవారికి ఇందులో కొద్దిపాటి మెరుగు లేకపోలేదు. సొంత తుపాకీకి సొంత అచ్చులో గుండు పోసుకునేవాడు ఖాళీని కాస్త తగ్గించుకోగలడు. కొందరు పెద్ద గుండుతో పాటు చిన్న సీసపు గుళ్ళు కూడా కూరేవారు. తన తుపాకీ ఏ పక్కకు కొడుతుందో యజమానికి తెలిసి ఉంటుంది. అయితే ఇవన్నీ కొద్ది గజాల తేడాను తెచ్చేవే కానీ నునుపు గొట్టం స్వభావాన్ని మార్చేవి కావు. పైగా మందు కరువు. సీసం, మందు ఖర్చు చేసి రోజూ అభ్యాసం చేసే స్తోమత ఏ ఊరికీ లేదు. 1775 ఆగస్టు మొదట్లో వాషింగ్టన్ తన సైన్యం వద్ద ఉన్న మందు లెక్క చూపించుకుంటే మనిషికి తొమ్మిది తూటాలకు మించి లేదని తేలింది. ఇంటి వెనక వారానికి రెండుసార్లు కాల్పించిన డేవిస్ పట్టుదల విలువ ఈ నేపథ్యంలోనే తెలుస్తుంది.

బ్రిటిష్ సైనికులకు గురి అభ్యాసమే లేదన్న మాట కూడా అదే కథలో భాగం. అది సరికాదు. 1775 ప్రారంభంలో బోస్టన్‌లో విడిది చేసిన 23వ రెజిమెంట్ అధికారి ఫ్రెడరిక్ మెకెంజీ తన దినచర్యలో రాసిన వివరం ఆసక్తికరమైనది. పలుచని చెక్కలతో నిలువెత్తు మనిషి ఆకారాలు కోసి, చిన్న వేదికల మీద నిలబెట్టి, రేవు గట్టుకు ఎదురుగా నీటిలో లంగరు వేసేవారట. సిపాయిలు గట్టు చివర నిలబడి, విడతకు ఆరేసి తూటాల చొప్పున వాటిని కాల్చేవారట. అంటే ఇరుపక్షాలూ ఆ చలికాలమంతా అభ్యాసంలోనే ఉన్నాయి. కానీ జనం నోళ్ళలో నిలిచిన కథ వేరు. 1774 అక్టోబరులో జాన్ ఆండ్రూస్ అనే బోస్టన్ వ్యాపారి రాసిన ఉత్తరం ప్రకారం, ఒక రెజిమెంట్ అంతా కాల్చినా లక్ష్యానికి ఒక్క గుండూ తగలకపోవడం చూసి ఒక పల్లెటూరి మనిషి పకపకా నవ్వాడు. అధికారి సవాలు చేస్తే తుపాకీ తీసుకుని వరసగా మూడుసార్లు కొట్టి చూపించాడు. ఆపైన, ఇంటి దగ్గర మా కుర్రాడున్నాడు, ఆపిల్ పండును పైకి విసిరి అది కింద పడేలోగా అందులోని గింజలన్నీ తుపాకీతో ఎగరగొడతాడు అన్నాడట. చివరి మాట కోతలేనని ఆండ్రూస్‌కూ తెలుసు, చదివినవారికీ తెలుసు. అయినా యుద్ధం మొదలుకావడానికి ఆరు నెలల ముందే ఈ ధోరణి మొదలైందని గమనించాలి.

ఏప్రిల్ 18 రాత్రి కాంకర్డ్‌లో దాచిన ఆయుధాల కోసం 700 మంది బ్రిటిష్ సైనికులు బయలుదేరారు. మరునాడు వేకువన దారిలో లెక్సింగ్టన్ మైదానంలో పార్కర్ దళంలోని 77 మంది ఎదురుపడ్డారు. ఎనిమిది మంది స్థానికులు చనిపోయారు, పది మంది గాయపడ్డారు. గాయపడినవారిలో ప్రిన్స్ ఎస్టాబ్రూక్ అనే నల్లజాతి బానిస కూడా ఉన్నాడు. బ్రిటిష్ వైపు ఒక సిపాయికి స్వల్ప గాయం, మేజర్ పిట్‌కెర్న్ గుర్రానికి దెబ్బ, అంతే నష్టం. గురి కథకు ఇది ఏమాత్రం అనుకూలమైన ఆరంభం కాదు.

యాక్టన్‌లో డేవిస్ ఇంట్లో ఆ ఉదయం పిల్లలకు జబ్బుగా ఉంది. మనుషులు అక్కడే చేరి, తూటాలు సరిచూసుకుని, సుమారు 40 మంది బయలుదేరారు. గడప దాటుతూ డేవిస్ భార్య హానాతో పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని మాత్రమే అన్నాడని ఆమె తరువాత చెప్పింది. ఆరేడు మైళ్ళు నడిచి నార్త్ బ్రిడ్జ్ వంతెనకు ఎగువనున్న మిట్ట దగ్గరికి చేరేసరికి వివిధ ఊళ్ళ నుంచి వచ్చినవారు 400 మంది దాకా ఉన్నారు. వంతెన దగ్గర కెప్టెన్ లారీ కింద వంద లోపు బ్రిటిష్ సైనికులు ఉన్నారు. కాంకర్డ్ ఊళ్ళో పొగ లేవడం చూసి, ఊరిని తగలబెడుతున్నారనుకుని, స్థానిక దళాల కల్నల్ జేమ్స్ బారెట్ వంతెన వైపు కదలమన్నాడు. అవతలివారు కాల్చేదాకా కాల్చవద్దని కూడా ఆజ్ఞాపించాడు. ఎవరు ముందు నడవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు యాక్టన్‌కు ఆ స్థానం దక్కింది. భయపడేవాడు నా దగ్గర ఒక్కడూ లేడని డేవిస్ అన్న మాట ప్రసిద్ధమే. కానీ వంతెన మీద దగ్గరి పోరు తప్పకపోతే పనికొచ్చేది బాయొనెట్టే కనుక, అవి ఉన్న దళాన్ని ముందు పెట్టడంలో ధైర్యంతో పాటు లెక్క కూడా ఉంది.

అక్కడ జరిగిన కాల్పులు కొద్ది నిమిషాలే. బ్రిటిష్ సైనికులు మొదట విడివిడిగా, ఆపైన ఒక్కుమ్మడిగా కాల్చారు. డేవిస్, అతని దళంలోని ఆబ్నర్ హోస్మర్ అక్కడికక్కడే చనిపోయారు. కాల్చమని స్థానికుల మేజర్ బట్రిక్ కేక వేశాడు. ఇటువైపు నుంచి వచ్చిన కాల్పులకు బ్రిటిష్ వైపు ముగ్గురు సిపాయిలు చనిపోయారు, నలుగురు అధికారులతో కలిపి తొమ్మిది మంది గాయపడ్డారు. వంతెన దగ్గరున్న ఎనిమిది మంది అధికారుల్లో సగం మందికి దెబ్బ తగలడం కాకతాళీయం అనిపించదు. మేలిరకం ఎరుపు రంగు కోటు, మెడలో మెరిసే బిళ్ళ ఉన్నవారిని ఏరి కొట్టారనే అనుకోవాలి. సుమారు 50 గజాల దూరంలో, నిలకడగా నిలబడి, వారానికి రెండుసార్లు సాధన చేసిన చేతులకు అది సాధ్యమే. లారీ తన మనుషులను వీధిపోరుకు తగిన ఇరుకు వరుసల్లో నిలపడం వల్ల వెనకవారు కాల్చలేకపోయారన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మధ్యాహ్నం నుంచి దృశ్యం మారింది. తిరుగు ప్రయాణంలో ఉన్న దండును దారి పొడవునా వెంటాడారు. లెక్సింగ్టన్ దగ్గర బ్రిటిష్ అధికారి హ్యూ పెర్సీ సుమారు 1,000 మందితో, రెండు ఫిరంగులతో వచ్చి కలవకపోతే ఆ దండు మిగిలేది కాదేమో. చార్లెస్‌టౌన్ చేరేసరికి బ్రిటిష్ వైపు 73 మంది మృతులు, 174 మంది క్షతగాత్రులు, 26 మంది గల్లంతు. స్థానికుల్లో 49 మంది చనిపోయారు. వినడానికి ఇది గొప్ప గురిలాగే ఉంటుంది. అయితే ఆ రోజు ఏదో ఒక వేళ పోరులో పాల్గొన్న స్థానికులు 3,500కు పైగా ఉంటారు. మనిషికి ఇరవై తూటాల చొప్పున కాల్చారనుకున్నా 70 వేలు దాటుతుంది. చరిత్రకారులు వేసిన ఒక స్థూల లెక్కలో ఇది 75 వేలు. ఆ లెక్కన మూడు వందల గుళ్ళకు ఒకటి తగిలింది.

ఈ అంకెకు మానవ రూపం కావాలంటే యాక్టన్‌కే చెందిన జేమ్స్ హేవర్డ్‌ను చూడాలి. గొడ్డలి వేటుకు కాలివేళ్ళు కొన్ని పోయినందున అతనికి సైనిక బాధ్యత నుంచి మినహాయింపు ఉంది. అయినా తుపాకీ తీసుకుని వచ్చాడు. లెక్సింగ్టన్‌లో ఒక ఇంటి ముందు బావి దగ్గర నీళ్ళకు వెళ్ళినప్పుడు లోపలి నుంచి బయటికి వస్తున్న బ్రిటిష్ సిపాయి ఎదురుపడ్డాడు. ఇద్దరూ ఒకేసారి కాల్చుకున్నారు. సిపాయి అక్కడే పడిపోయాడు. హేవర్డ్ నడుముకు వేలాడుతున్న మందు కొమ్మును చీల్చుకుని గుండు లోపలికి దిగింది. చివరి ఘడియల్లో అతను తండ్రితో, పొద్దున్న ఒక పౌను మందు, నలభై గుళ్ళతో బయలుదేరాను, ఇప్పుడు ఎన్ని మిగిలాయో చూడమన్నాడని చెబుతారు. మిగిలినవి రెండో మూడో. ఆ కొమ్ము ఇప్పటికీ యాక్టన్ గ్రంథాలయంలో ఉంది. ముప్పై ఏడో ముప్పై ఎనిమిదో గుళ్ళు దారి పొడవునా కాల్చిన మనిషి చేత సిపాయి కచ్చితంగా పడ్డాడని చెప్పగలిగిన ఆ ఒక్క గుండు కూడా చేతికందే దూరంలో కాల్చినదే. ఆ రోజు ఇరువైపులా ఎక్కువమంది చనిపోయిన చోటు కూడా రాతిగోడల వెనక దూరపు కాల్పులు జరిగిన దారి కాదు, ఇళ్ళలోకి చొరబడి గదుల్లో పోరాడుకున్న మెనోటమీ గ్రామం.

మరి దండు ఎందుకు అంతగా దెబ్బతింది? ఎంతమంది వచ్చారు, ఎక్కడ నిలబడ్డారు, ఎంత త్వరగా ఒకరి స్థానంలో మరొకరు చేరారు అన్నవే అసలు కారణాలు. ఒక ఊరి దళం తూటాలు అయిపోయి వెనకబడితే ముందు మలుపులో ఇంకో ఊరి దళం సిద్ధంగా ఉండేది. బ్రిటిష్ సిపాయి వద్ద ఉన్నవి 36 తూటాలే. తమవారు ఫలితం చూసుకోకుండా విచ్చలవిడిగా కాల్చి వృథా చేశారని మెకెంజీయే రాశాడు. మరునాడు రాసిన ఉత్తరంలో పెర్సీ, వీరిని క్రమశిక్షణ లేని గుంపుగా చూసేవారు పొరపాటు పడతారనీ, ఏం చేయాలో బాగా తెలిసినవారు వారిలో ఉన్నారనీ హెచ్చరించాడు. ఆయన మెచ్చుకున్నది గురిని కాదు, పోరాడే పద్ధతిని.

ఆ ముడిలో మిగిలిన రెండు పోగులు, అంటే బంకర్ హిల్, రైఫిల్, త్వరగా విప్పవచ్చు. జూన్ 17న బోస్టన్ దగ్గర జరిగిన బంకర్ హిల్ పోరులో బ్రిటిష్ నష్టం భారీగా ఉంది: 226 మంది మృతులు, 828 మంది క్షతగాత్రులు. అక్కడ వలసవారు కంచెల మీద తుపాకులు ఆనించి, శత్రువు బాగా దగ్గరికి వచ్చేదాకా కాల్పులు ఆపారు. మిస్టిక్ నది ఒడ్డున వలసవారి దళ నాయకుడు జాన్ స్టార్క్ కొద్ది గజాల దూరంలో ఒక గుంజ పాతి, ఎదుటివాడు దాన్ని దాటేదాకా కాల్చవద్దన్నాడు. తుపాకీ పరిమితి తెలిసినవాడే అలా గుంజ పాతుతాడు. ఇక నిజంగా దూరపు గురి ఉన్నది రైఫిల్‌కు, అంటే గొట్టం లోపల మెలిక గాడులున్న తుపాకీకి. అది పెన్సిల్వేనియా, మేరీలాండ్, వర్జీనియా సరిహద్దు అడవుల్లో వాడే ఆయుధం, మసాచుసెట్స్‌లో అరుదు. 1775 జూన్ 14న వలసల ఉమ్మడి సభ కాంటినెంటల్ కాంగ్రెస్ ఆ ప్రాంతాల నుంచి రైఫిల్ దళాలను పిలిపించాకే బోస్టన్ చుట్టుపక్కల అవి కనిపించాయి. దట్టించడానికి ఎక్కువ సమయం పట్టడం, బాయొనెట్ అమర్చే వీలు లేకపోవడం వల్ల అవి మస్కెట్‌కు బదులు కాలేకపోయాయి. అడవి వేటగాడి రైఫిల్, బంకర్ హిల్ సంయమనం, కాంకర్డ్ రైతు నాగలి ఈ మూడూ కలిసి తరువాతి తరాల ఊహలో ఒకే మనిషిగా మారాయి.

యాక్టన్ ఆ మనుషులను మరువలేదు. 1851లో డేవిస్, హోస్మర్, హేవర్డ్ అస్థికలను ఊరి మధ్య స్మారక స్తంభం కింద ఉంచారు. అంతర్యుద్ధం మొదలైనప్పుడు ఊరి దళం డేవిస్ గార్డ్స్ పేరుతోనే ఆరో మసాచుసెట్స్ రెజిమెంట్‌లో చేరింది. 1861 ఏప్రిల్ 19న, నార్త్ బ్రిడ్జ్ పోరుకు సరిగ్గా 86 ఏళ్ళు నిండిన రోజున, బాల్టిమోర్ వీధుల్లో ఆ రెజిమెంట్ మీద అల్లరిమూకలు దాడి చేశాయి. ఆ అంతర్యుద్ధంలోనే, చేతికి రైఫిల్ వచ్చినా పౌరుడికి గురి రాలేదన్న సంగతి బయటపడింది. తమ సైనికుల కాల్పులు చూసి నిరుత్సాహపడిన ఇద్దరు ఉత్తరాది మాజీ అధికారులు 1871లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌ను స్థాపించి, న్యూయార్క్‌లో గురి మైదానం తెరిపించారు. 1903లో మిలీషియా చట్టాన్ని తిరగరాసి ఊరి దళాలను నేషనల్ గార్డ్ కిందికి తెచ్చిన ఏడాదే, పౌరులకు రైఫిల్ అభ్యాసం నేర్పడానికి ప్రభుత్వం ఒక జాతీయ మండలిని నియమించింది. డేవిస్ తన ఇంటి వెనక సొంత ఖర్చుతో చేసిన పనికి అప్పటికి గానీ ప్రభుత్వ బడ్జెట్ దొరకలేదు.